సాక్షి లేని అవ్వ

కామమ్మ షెల్టర్ గడప తొక్కిన మొదటి రోజే అబిగయీలుకు ఆమె మీద నమ్మకం కుదరలేదు.

ఎందుకని అడిగితే వేళ్ళు మడిచి చెప్పగలదు. పన్నెండేళ్ళ పిల్ల తప్పిపోయిన ఇంటి ముసలామె ఏడుస్తూ రావాలి, కాదంటే తిట్టుకుంటూ రావాలి. ఈమె రెండూ చేయలేదు. చెప్పులు మెట్ల కింద విడిచి, బల్ల అంచున కూర్చుని, "నా మనవరాలు దుర్గ ఈడుందంట. తోలకపోదామని వచ్చినా" అన్నది. తోడు ఒక్కరూ లేరు. ఇది ఒకటి. చేతిలో తన ఆధార్ కార్డు తప్ప పిల్లకు సంబంధించిన కాగితం ముక్క లేదు. ఇది రెండు. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మొహం చూడదు. ఇది మూడు.

"ఎవరు చెప్పినారమ్మా ఈ పిల్ల ఇక్కడుందని?"

"టేషన్ కాడ పూలమ్మే ఆమె."

ఇది నాలుగు. స్టేషన్లో పూలమ్మే ఆమెకు ఈమెతో ఏం పని?

గూడూరు రైల్వే స్టేషన్‌కు రెండు వీధుల అవతల, వీధిన పడ్డ ఆడపిల్లల కోసం నడుస్తున్న షెల్టర్ అది. అబిగయీలు అక్కడ కేస్ వర్కర్. ప్లాట్‌ఫారాల మీద, బస్టాండు బల్లల కింద దొరికిన పిల్లలకు తిండీ బట్టా చూడటం, మాటల్లో పెట్టి ఊరూ పేరూ రాబట్టడం, వాళ్ళ మనుషులెవరో తేల్చి అప్పగించడం ఆమె పని. వెంకటాచలం దగ్గరి పల్లెలో వాళ్ళ నాన్న లాజరస్ ఇప్పటికీ వరి మళ్ళల్లో కూలికి పోతాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఈమే. చదివిన చదువుకు తగ్గట్టు పని చేయాలనే పట్టుదల ఎక్కువ.

రెండేళ్ళ కిందట, వేరే చోట పని చేసేటప్పుడు, ఒక పిల్లను ఆమె చిన్నాన్నకు అప్పగించింది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ దండం పెట్టాడు. ఆరు నెలలకు ఆ పిల్ల ఒక రొయ్యల గుంట కాడ కాపలా గుడిసెలో దొరికింది. చిన్నాన్న కాదు, గుంటల మేస్త్రీ. అప్పటి నుంచి అబిగయీలుకు కన్నీళ్ళన్నా కాగితాలన్నా లెక్క లేదు. చెయ్యి కాలిన తరువాతే ఆకులు వెతుక్కుంది గానీ, ఈసారి మాత్రం ముందే చేతినిండా ఆకులు పట్టుకుని కూర్చుంది.

ఆ ఆకులు ఏమిటంటే, ఆమె ప్రశ్నలు. పిల్లనొక గదిలో, వచ్చిన వాళ్ళనొక గదిలో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతుంది. పొయ్యి ఏ మూల ఉంటుంది? వాన వస్తే ఎక్కడ కారుతుంది? పిల్లకు జ్వరం వస్తే ఏం పెడతారు? ఒకరు చెప్పింది ఇంకొకరితో కలిస్తే ఒక అడుగు ముందుకు.

కామమ్మ జవాబులు ఠకీమని చెప్పింది. పొయ్యి వాకిలి పక్కన. వాన వస్తే దూలం కింద కారుతుంది, అక్కడ ఇత్తడి గిన్నె పెడతారు. జ్వరానికి మిరియాల చారు, పిల్ల ఊసేస్తుంది.

"వాళ్ళమ్మ?"

"చచ్చిపోయింది, పిల్లకు మూడేళ్ళప్పుడు."

"నాన్న?"

"నా కొడుకు పోలేరయ్య. మదరాసులో బోట్ల మీదికి పోయినాడు."

"సముద్రం ఒడ్డున ఊరు పెట్టుకుని మద్రాసు పోవడం ఎందుకమ్మా?"

కామమ్మ ఆధార్ కార్డు కొంగున ముడి వేసుకుంది.

"సరే. మీ ఊళ్ళో తెలిసినవాళ్ళను ఒకరిని తీసుకురా. 'ఈమె ఫలానా, ఈ పిల్ల ఈమె మనవరాలే' అని ఒక్క సంతకం పెడితే చాలు."

"ఎవురూ రారు."

"ఎందుకు రారు?"

"రారంతే."

"పోనీ, నేనే మీ ఊరికి వచ్చి కనుక్కుంటాను."

అప్పుడు మొదటిసారి కామమ్మ తలెత్తి చూసింది. "ఊర్లోకి మాత్రం రావద్దు మేడమా. నీకు దండం పెడతా. మమ్మల్ని గురించి ఊర్లో అడగొద్దు."

ఇక అయిదో వేలు కూడా మడవాల్సి వచ్చింది.

లోపలి గదిలో దుర్గ పెసలు ఏరుతూ వంటామె రెబెక్కమ్మతో మాట్లాడుతోంది. మాట్లాడటం అంటే మామూలుగా కాదు. మూడు వారాలు గూడూరు ప్లాట్‌ఫారం మీద ఉండి, రైళ్ళలో దువ్వెనలు, పిన్నీసులు అమ్ముతూ దొరికిన ఆ పిల్ల, షెల్టర్‌కు వచ్చిన పది రోజుల్లో నోరు మూసిన పాపాన పోలేదు. మనుషులు లేకపోతే గోడ మీద బల్లితో మాట్లాడేది. 'ఈ పిల్ల గొంతులో ఎవరో రేడియో పెట్టి కుట్టేసినారు' అనేది రెబెక్కమ్మ. ఊరు పేరు అడిగితే మాత్రం ఆ రేడియో టక్కున ఆగిపోయేది.

అబిగయీలు పిల్లను కిటికీ దగ్గరికి పిలిచి, తెర పక్కకు జరిపి, వరండాలో కూర్చున్న ముసలామెను చూపించింది.

"ఎవరో చెప్పు."

దుర్గ చూసింది. చాలాసేపు చూసింది. చేతిలోని పెసలు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి.

"నాకు తెలీదక్కా."

"బాగా చూడు."

"తెలీదంటే తెలీదు. నాకెవురూ లేరు."

అయినా ప్రశ్నలు అడిగింది. పొయ్యి, దూలం, మిరియాల చారు. అన్నిటికీ పిల్ల మూతి ముడుచుకుంది. అబిగయీలు ఆలోచనలో పడింది. పిల్ల కాదంటోంది. జవాబులు ఏ ఇంటికైనా అతుకుతాయి. ప్లాట్‌ఫారం మీద ఇరవై రోజుల్లో వాగుడుకాయ పిల్ల చెప్పిన ముక్కలు ఏరుకుని పూలమ్మే ఆమె ఈ ముసలిదానికి అందించి ఉండవచ్చు. ఇలాంటివి జరుగుతాయి. ముసలామెను ముందు పెడితే ఎవరికీ అనుమానం రాదు, వెనక ఎవరున్నారో తెలియదు.

శుక్రవారం నెల్లూరులో బాలల సంక్షేమ కమిటీ కూర్చుంటుంది. ఆ లోపల అబిగయీలు రిపోర్టు ఇవ్వాలి. సంబంధం తేలితే పిల్ల ఈ ముసలామె చేతికి పోతుంది. తేలకపోతే ఎక్కడో నాలుగు జిల్లాల అవతల ఉన్న బాలికల గృహానికి పంపిస్తారు, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా.

బుధవారం పొద్దున్నే ఆమె షెల్టర్ వ్యాను ఎక్కింది. తోలేది జడ్సన్. నలభై ఏళ్ళ మనిషి, ఎదుటివాళ్ళ నోట్లోంచి మాట ఊడిపడేలోపు తను రెండు అంటాడు.

"రావద్దన్న ఊరికే పోవాలనిపిస్తాది గదా అక్కా నీకు?"

"రావద్దన్నారు కాబట్టే పోవాలి."

హైవే వదిలి తూర్పుకు తిరిగాక, తోటపల్లి గూడూరు అనే వేరే ఊరు దాటినప్పటి నుంచి రెండు పక్కలా రొయ్యల గుంటలే. నీళ్ళల్లో చక్రాలు తిరుగుతూ నురగలు కక్కుతున్నాయి. గట్ల మీద తాటాకు గుడిసెలు. ఒక్కో గుడిసె దాటేటప్పుడు అబిగయీలు లోపలికి తొంగి చూడకుండా ఉండలేకపోయింది.

కామమ్మ ఆధార్ కార్డులో ఉన్న ఊరు కొత్తతోపు పాలెం. ఇసుకలో రెండు వరసల ఇళ్ళు, అవతల సముద్రం. వేట నిషేధం నెలలు కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే బోర్లా పడుకుని ఉన్నాయి. మగవాళ్ళు పందిరి కింద వలలు బాగు చేసుకుంటున్నారు. వ్యాను ఆగగానే ఊరంతా చూసింది. వల అల్లే చేతులు ఆగాయి. గోడల పక్కనుంచి, తలుపుల సందుల్లోంచి, బోట్ల వెనక నుంచి ఊరు కళ్ళప్పగించి చూసింది.

"ఈళ్ళ చూపు చూస్తే పిల్లల్ని ఎత్తకపోయేది మనమే అన్నట్టుండాది అక్కా" అన్నాడు జడ్సన్.

బడికి వేసవి సెలవుల తాళం. అబిగయీలు మొదట అంగడి దగ్గరికి పోయింది. అంగడి పేరమ్మది. ఆమె షోడా కొట్టి ఇచ్చి, అబిగయీలు చీర బాగుందన్నది, ఏ ఊరని అడిగింది, పెళ్ళి కాలేదా అని కూడా అడిగింది.

"కామమ్మ ఇల్లు ఎక్కడమ్మా?"

"కామమ్మా? ఆ పేరుగల్ల మనిషి ఈ ఊర్లో లేదే."

"ఆమె కొడుకు పోలేరయ్య. మనవరాలు దుర్గ."

"మాకు తెలీదమ్మా" అని పేరమ్మ సీసాలు తుడవడంలో పడింది. ఇంతసేపూ మాట్లాడిన మనిషికి ఉన్నట్టుండి సీసాల మీద దుమ్ము కనిపించింది.

పందిరి కింద ఊరి పెద్దకాపు లేచి నిలబడి మర్యాదగా మాట్లాడాడు. మజ్జిగ తెప్పించాడు. "మీరు ఇంత దూరం వచ్చినారు, అబద్ధం చెప్పాల్సిన పని మాకేముంది? అట్టాంటోళ్ళు మా ఊళ్ళో లేరు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. ఒక కుర్రవాడు ఏదో అనబోయాడు. పక్కవాడు అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

"అయిపాయె. ఇంకేం కావాల? పాంప్లెట్లు కొట్టించినట్టు అందరూ ఒకే మాట చెప్పినారు. పోదాం పద అక్కా" అన్నాడు జడ్సన్.

అందరూ ఒకే మాట చెప్పడమే అబిగయీలుకు నచ్చలేదు. ముసలామె మీదున్న అనుమానం అలాగే ఉంది, దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. "ఆ చివరిదాకా నడిచొస్తాను" అన్నది.

చివరి ఇంటి ముందు కామమ్మ పుల్లలు విరుస్తోంది. అబిగయీలును చూడగానే చేతిలోని పుల్ల జారింది.

"రావద్దంటిని గదా తల్లీ."

"ఇది నీ ఇల్లేనా?"

"నాదే."

"మరి ఊళ్ళో నువ్వు లేవంటున్నారే?"

కామమ్మ వంగి జారిన పుల్ల తీసుకుంది. అప్పుడే ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో అటుగా వస్తున్నారు. అబిగయీలు అడ్డంపోయి నిలబడింది.

"అమ్మా, ఈమె ఎవరు?"

"ఏమె?" అన్నది ముందున్న ఆమె.

"ఈమె. నా పక్కన ఉందే."

"నువ్వొక్కదానివే ఉండావు గదమ్మా" అని, ఆమె బిందె సర్దుకుని పక్కనుంచి పోయింది. కళ్ళు అబిగయీలు మొహం మీద నుంచి పక్కకు వెంట్రుకవాసి కూడా జరగలేదు. కామమ్మ మూరెడు దూరంలో ఉంది.



వీధిలో పిల్లలు బంతాట ఆడుతున్నారు. బంతి దొర్లుకుంటూ వచ్చి కామమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. కామమ్మ వంగి, తీసి, మెల్లగా వాళ్ళ వైపు దొర్లించింది. బంతి పిల్లల కాళ్ళ మధ్య నుంచి దొర్లిపోయి, కంచె దగ్గర ఆగింది. ఒక్కరూ దాని కోసం వంగలేదు. చిన్న పిల్ల ఒకతె పోబోతే అన్న రెక్క పట్టుకుని లాగాడు. అందరూ కలిసి వేరే వీధిలోకి పోయారు. ఎర్ర రబ్బరు బంతి, కొత్తది, అక్కడే ఉండిపోయింది.

అబిగయీలు ఆ బంతినే చూస్తూ నిలబడింది. తనను ఈ ఊరు ఎలా చూసింది? కళ్ళప్పగించి చూసింది. జడ్సన్‌నూ అలాగే చూసింది. ముక్కూ మొహం తెలియని మనిషి వస్తే ఏ ఊరైనా అలాగే చూస్తుంది. ఈ ముసలామె నిజంగా ఎక్కడి నుంచో వచ్చి ఖాళీ ఇంట్లో దూరిన మనిషే అయితే ఆమెనూ అలాగే చూడాలి, ఎవరే నువ్వని నిలదీయాలి. ఇంత మంది ఇంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం తెలియని మనిషి విషయంలో కుదిరే పని కాదు. చిన్నప్పటి నుంచి తెలిసి ఉండాలి. నడక తెలిసి ఉండాలి, ఏ పొద్దున ఎటు వస్తుందో తెలిసి ఉండాలి. అప్పుడే కళ్ళు తప్పించడం కుదురుతుంది.

"లోపలికి పోదాం పద అవ్వా" అన్నది అబిగయీలు. అంతవరకూ ఆమెను అమ్మా అని పిలిచిందే తప్ప అవ్వా అనలేదు.

లోపల దూలం కింద ఇత్తడి గిన్నె ఉంది. ఎండాకాలంలో కూడా అక్కడే ఉంది.

"ఏం జరిగింది?"

కామమ్మ తలుపు దగ్గరగా వేసింది. "దురాయి."

దురాయి అంటే పెద్దకాపుల కట్టుబాటు. ఊరి మాట దాటిన ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. నిప్పు ఇవ్వకూడదు, అంగట్లో సరుకు ఇవ్వకూడదు, బోటు ఎక్కించుకోకూడదు. మాట్లాడినవాళ్ళకూ అదే శిక్ష. పోయిన ఏడాది పోలేరయ్య బోటు ఇంజను పోయింది. ఎవరు తీశారో ఊరికి తెలుసు. పెద్దలు కూర్చుని మాట్లాడి, సర్దుకోమన్నారు. పోలేరయ్య సర్దుకోలేదు. పోలీసు స్టేషన్‌కు పోయి కాగితం రాసి సంతకం పెట్టాడు. మరునాడే ఊళ్ళో దండోరా వేశారు.

"దుర్గకు కూడానా?"

"ఇంటికేస్తే ఇంట్లో బిడ్డలు యాడికి పోతారు మేడమా? బళ్ళో బెంచీ మీద ఒక్కతే కూచునేది. నీళ్ళ కాడికి పోతే పిల్లలు లేచి పొయ్యేటోళ్ళు. అయివారు మాట్లాడేటోడు, ఆయన నెల్లూరు మనిషి. సెలవులిచ్చినాక అదీ లేదు. ఒకనాడు నా మొహం కాడ మొహం పెట్టి, 'అవ్వా, నేను నీకు కనపడతా ఉండానా' అనింది. కనపడతా ఉండావు తల్లీ అన్నాను. రెండోనాడు పొద్దున లేచేసరికి లేదు."

"మొదటి రోజే ఇదంతా ఎందుకు చెప్పలేదు?"

"ఊరి మాట బయట చెప్తే ఇంకో ఏడాది ఏస్తారు. పైగా నువ్వు రాస్తా ఉండావు. నీ చేతిలో పెన్ను చూస్తే నా కొడుకు పెట్టిన సంతకమే గుర్తొచ్చింది."

అబిగయీలు పెన్ను మూత పెట్టింది. రాకముందు ఆమెకు ఉన్న అనుమానం ఒక ముసలామె మీద. ఇప్పుడు పందిరి కింద మజ్జిగ ఇచ్చిన చేతుల మీద, చీర బాగుందన్న నోటి మీద ఉంది. తిరిగి వ్యాను ఎక్కేటప్పుడు ఊరు మళ్ళీ కళ్ళప్పగించి చూసింది.

సాయంత్రం షెల్టర్‌లో దుర్గ ఎదురుగా కూర్చుని, "మీ ఊరు పోయొచ్చినాను" అన్నది.

రేడియో ఆగిపోయింది.

"మీ ఇంట్లో దూలం కింద గిన్నె ఉంది."

"అవ్వ అన్నం తినిందా?" అన్నది దుర్గ. అని, నోరు జారినందుకు పెదవి కొరుక్కుంది.

"మరి తెలీదంటివే?"

"తెలుసంటే ఆడికి పంపిస్తావు గదా. నేను పోనక్కా. టేషన్లో బాగుండాది. 'ఎయ్ దువ్వెనల పిల్లా, దోవలో కూచున్నావేందే, జరుగు' అని తిడతారు. ఒకామె చెంప మీద గూడా కొట్టింది. ఆడ కొట్టను గూడా కొట్టరు."

అబిగయీలుకు ఆ రాత్రి రిపోర్టు మొదటి పేజీ దాటలేదు. సంబంధం ఉంది. ఇల్లు ఉంది. ఇంట్లో ప్రేమ కూడా ఉంది. అయినా ఆ ఇంటికి పంపించమని ఏ చేత్తో రాయాలి? పొద్దున లేచి, ఉన్నది ఉన్నట్టు రాసింది.

శుక్రవారం కమిటీ ఆఫీసు వరండాలో కామమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. పక్కన ఒక మూట. అబిగయీలు ఆమె పక్కనే కూర్చుని, రాసింది చదివి వినిపించింది. ఈమె పిల్లకు సొంత నాయనమ్మ. ఊరు వీరిపై దురాయి వేసినందున ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. అదే కారణంగా పిల్ల ఇల్లు వదిలింది. కాబట్టి ఇప్పట్లో ఆ ఊరికి పంపడం తగదు.

కామమ్మ మొహం నల్లబడింది. "నిజం చెప్తే బిడ్డనిస్తావనుకుంటి."

"ఇస్తానని నేను అనలేదు అవ్వా."

"అట్టా ముద్దుగా అవ్వా అనబట్టే గదా చెప్పింది! పట్నం మాటలు నమ్మకురా అని మా పోలేరయ్యకు నేనే చెప్పేదాన్ని." కాసేపటికి మళ్ళీ, "ఆ దురాయి మాట కొట్టెయ్. పెద్దకాపుకు తెలిస్తే నా కొడుకును మళ్ళా ఊర్లో అడుగు పెట్టనీడు" అన్నది.

"కొట్టేస్తే నీకు సాక్షి లేదు. ఊరు నిన్ను ఎరగనంది, పిల్ల కూడా మొదట ఎరగనంది, లోపల ఏమంటుందో తెలీదు. పిల్లను దూరం పంపించేస్తారు. ఆ మాట ఒక్కటే నీకు సాక్షి. దాని కింద నువ్వు సంతకం పెట్టాలి."

"పెడితే?"

"ఊళ్ళోవాళ్ళకు తెలిసినా తెలుస్తుంది. తెలీదని నేను అబద్ధం చెప్పను."

కామమ్మ కాగితాన్ని తిప్పి వెనకవైపు చూసింది, అక్కడింకేమైనా దాచి రాశారేమో అన్నట్టు. "ఇంకోసారి చదువు" అన్నది. అబిగయీలు ఇంకోసారి చదివింది. "ఇంతేనా? ఇంకేం లేదా?" "ఇంతే." ముసలామె పెన్ను తీసుకుని, అక్షరం తరువాత అక్షరం, పేరు రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది. వేలిముద్ర చాలన్నా వినలేదు.

లోపల కమిటీ అధ్యక్షురాలు కాగితం చదివి, దుర్గను పిలిచి, "ఈమె ఎవరమ్మా?" అని అడిగింది.

దుర్గ అబిగయీలును చూసింది, కిటికీని చూసింది.

"ఊరికి పోవద్దులేమే" అన్నది కామమ్మ, నేలకేసి చూస్తూ. "ఇంటికి తాళమేసి వచ్చినా. గూడూర్లోనే ఉందాం. చేపలు ఎండబెట్టి అమ్ముకునేదానికి యాడైతే ఏంది."

"నిజంగానా?"

"అబద్ధమైతే ఈ మూటెందుకే మోసుకొస్తా?"

"మా అవ్వ" అన్నది దుర్గ అధ్యక్షురాలితో. అన్నాక ఇక ఆగలేదు. అవ్వకు రైళ్ళ పేర్లు చెప్పింది, రెబెక్కమ్మ వంటల్లో ఉప్పు గురించి చెప్పింది. అధ్యక్షురాలు రెండుసార్లు బల్ల మీద తట్టాల్సి వచ్చింది.

పిల్లను గూడూరులోనే నాయనమ్మ దగ్గర ఉంచాలని, బడిలో చేర్చాలని, కేస్ వర్కర్ పదిహేను రోజులకొకసారి పోయి చూసి రాయాలని రాశారు.

మెట్లు దిగేటప్పుడు అబిగయీలు అడిగింది. "గది ఎక్కడ తీసుకుంటివి?"

"పూలమ్మే ఆమె ఇంటెనక."

"ఆమెకు నీతో ఏం సంబంధం?"

"ఏ సంబంధం లేదు. టేషన్లో బిడ్డ కోసరం తిరగతా ఉంటే, ఏందమ్మా ఎతుకుతా ఉండావు అని పలకరించింది."

"తాళంచెవి ఏదీ?"

కామమ్మ కొంగు ముడి విప్పి చూపించింది. అబిగయీలు దాన్ని తిప్పి చూసి, ఇంటి గుర్తు, వీధి పేరు రాసుకుంది.

"ఇంకా నమ్మవా మేడమా నన్ను?"

"నమ్మినాను అవ్వా. అయినా సోమవారం వస్తాను. చెప్పకుండా వస్తాను."

"రా. ఎప్పుడు పడితే అప్పుడు రా" అన్నది కామమ్మ, ఈసారి సూటిగా ఆమె మొహంలోకి చూస్తూ. "వచ్చి తలుపు కొట్టు. తలుపు కొట్టే మనిషి ఉంటే చాలు మాకు."

దుర్గ అప్పటికే మూట నెత్తిన పెట్టుకుని, గేటు దగ్గర జడ్సన్‌తో ముందు సీటు కోసం పోట్లాడుతోంది.